పెసరకు మినుము పుప్పొడి పెట్టాను, మొక్క బతికింది గానీ కాయ పట్టడం లేదు. ఎక్కడ ఆగిపోతోంది?

దేవరకొండ చెల్క:

అందరికీ నమస్తే. మాది దేవరకొండ దగ్గర పల్లె. డిగ్రీలో బోటనీ చదివాను, ఇప్పుడు అమ్మతో కలిసి నాలుగెకరాల చెల్క చేసుకుంటున్నాను. ప్రశ్న పెద్దది, ఓపిగ్గా చదవండి.

పోయినేడు వానకాలం రెండెకరాల్లో పెసర వేశాం. పూతకు రాకముందే ఆకుల మీద పసుపు మచ్చలు మొదలై పదిహేను రోజుల్లో చేనంతా పసుపు గుడ్డలు ఆరేసినట్టయింది. పల్లాకు తెగులు, తెల్లదోమ మోసుకొచ్చే వైరస్ జబ్బు. ఇంటి మందం వేసుకున్న నాలుగు సాళ్ల మినుము గట్టు అవతలే ఉంది, అదే తెల్లదోమ దాని మీదా వాలింది, అయినా అది పచ్చగా నిలబడి కాయ నిండింది. రెండెకరాలకు కలిపి మాకు దక్కింది రెండు సంచుల పెసర్లు. అప్పటి నుంచి మనసులో ఒకటే, ఆ మినుములో ఉన్న బలం పెసరలోకి రాదా అని.

యాసంగిలో బోరు కింద ఒక చిన్న మడిలో రెండూ వేశాను. పూత ఒకేసారి కలవాలని మినుమును వారం ముందే పెట్టాను. సాయంత్రం పూట, మరుసటి రోజు విచ్చే మొగ్గను చూసుకుని సూదితో చీల్చి కేసరాలు పదీ తీసేసి, పొద్దున్నే మినుము పుప్పొడి అద్దాను. పెసర తల్లిగా 52 మొగ్గలు చేస్తే 7 కాయలు నిలిచాయి. వాటిలో నిండు గింజ ఒక్కటీ లేదు, అన్నీ ముడుచుకుపోయినవే, 11 దొరికాయి. తడిగుడ్డలో పెడితే 4 మొలిచాయి. రెండు, రెండాకుల దశలోనే పాలిపోయి చచ్చిపోయాయి, ఒకదాన్ని మేకపిల్ల కొరికేసింది, ఒక్కటి బతికింది. తిరగేసి మినుమును తల్లిగా పెట్టి చేసినవి 40 మొగ్గలు, నాలుగైదు రోజుల్లో అన్నీ రాలిపోయాయి.

బతికిన ఆ ఒక్క మొక్క ఇప్పుడు మోకాలెత్తు ఉంది. గుత్తులు గుత్తులుగా పూస్తుంది, రెండో రోజుకు పువ్వు వాడి రాలుతుంది. ఒక్క కాయ లేదు. రెండింటికీ క్రోమోజోములు 22 అని చదువుకున్నాను, మరి ఎందుకిలా? ఒక వైపు చేస్తే కాయ నిలిచి ఇంకో వైపు చేస్తే రాలడమేంటి? ఈ మొక్కతో ఇంకేమైనా చేయొచ్చా, లేక ఇక్కడితో అయిపోయినట్టేనా? అమ్మది ఇంకో ప్రశ్న, పెసరా మినుమూ పక్కపక్కన వేస్తే విత్తనం కలగలిసి చెడిపోతుందా అని.

షాద్‌నగర్ అక్క:

తమ్మీ, ముందు మీ అమ్మగారికి చెప్పు, ఏమీ చెడదు. పెసర పువ్వు విచ్చేలోపే, చీకటి ఉండగానే, లోపల పుప్పొడి రాలి దాని పని అది చేసుకుంటుంది. మినుమూ అంతే. అంత కష్టపడి చేత్తో పెడితేనే 52కి 7 నిలిచాయి, గాలికీ తేనెటీగకూ ఎక్కడ కుదురుతుంది. కందిలో మాత్రం జాగ్రత్త పడాలి, దాని పువ్వు మీద తేనెటీగలు బాగా వాలతాయి, పక్క చేలో ఇంకో కంది రకం ఉంటే కలిసిపోతుంది. విత్తనానికి దాచుకునే కందిని దూరంగా వేసుకోండి.

నేను పదో తరగతి వరకే చదివాను కానీ ఇరవై రెండేళ్లు పరిశోధన పొలాల్లో క్రాసింగ్ పనే చేశాను. కంది, శనగ, పెసర అన్నీ ఈ చేతుల మీదుగా పోయినవే. ఎవరైనా కొత్త మొక్క చూపించి క్రాస్ అయింది అంటే నేను మొదట అడిగేది, అది నిజంగా కలిసిందేనా లేక తల్లి తనంతట తాను పట్టుకున్న గింజా అని. సాయంత్రం ఆలస్యంగా మొగ్గ విప్పితే అప్పటికే లోపల పుప్పొడి రాలి ఉండొచ్చు, మనకు కనపడదు. అయితే నువ్వు చెప్పేదాన్నిబట్టి నీది కలిసిందే అనిపిస్తుంది, ఎందుకంటే మామూలు పెసరే అయితే ఇన్ని పూలకు కాయలు వేలాడాలి. పువ్వు రంగు చూడు. పెసర పువ్వు కాస్త ఆకుపచ్చ కలిసిన లేత పసుపు, మినుముది ముదురు పసుపు. ఆకు మీద, కాండం మీద నూగు ఎలా ఉందో తల్లినీ తండ్రినీ పక్కన పెట్టి పోల్చు. ఫోటో పెట్టు.

మొగ్గల దగ్గర ఒక మాట. పెసర పువ్వు లోపలి రేకు నత్తగుల్లలా మెలికపడి ఉంటుంది, కీలం, అంటే పుప్పొడి అందుకునే ఆడ కాడ, అది కూడా ఆ మెలికలోనే తిరిగి ఉంటుంది. సూదితో లాగేటప్పుడు కీలానికి చిన్న దెబ్బ తగిలినా మొగ్గ రాలిపోతుంది, అప్పుడు మనం జాతి అడ్డం అనుకుంటాం, నిజానికి అది చెయ్యి తప్పు. కాబట్టి ప్రతిసారీ కొన్ని మొగ్గలకు పెసర మీద పెసర పుప్పొడే పెట్టి చూడు. అవీ రాలితే తప్పు చేతిది లేదా ఎండది. అవి నిలిచి మినుము పెట్టినవి మాత్రమే రాలితే అప్పుడు తప్పు జతది. ఒక గుత్తిలో రెండు మొగ్గలకు మించి చేయకు, మిగతావి గిల్లెయ్, లేకపోతే మామూలు కాయలు బలమంతా లాక్కుని చేసినవాటిని రాల్చేస్తాయి. తొలి పూత మీదే చేయి, చివరి పూతకు చెట్టులో సత్తువ ఉండదు.

మేం దూరపు జాతులు కలిపేటప్పుడు పువ్వు మొదలు దగ్గర జిబ్బరెల్లిక్ యాసిడ్ అనే పెరుగుదల మందు చుక్క పెట్టేవాళ్లం. అది కాయ రాలకుండా ఆపుతుంది. లోపలి పిండాన్ని బతికించదు, ల్యాబులో పిండాన్ని బయటికి తీసేదాకా కాయను కొమ్మ మీద ఉంచుతుంది, అంతే.

సూర్యాపేట మార్కెట్:

తమ్ముడూ, ఏమీ అనుకోకు, నాలుగెకరాల రైతువి నువ్వు, ఇది చేయడానికి యూనివర్సిటీలు ఉన్నాయి. తట్టుకునే రకం విత్తనం తెచ్చుకో, తెల్లదోమకు పసుపు జిగురు అట్టలు పెట్టుకో, తొలి వానలకే విత్తుకో. మినుము నుంచి బలం తీసుకున్న పెసర రకాలు ఇదివరకే వచ్చాయని విన్నాను, అవే తెచ్చుకుంటే సరిపోతుంది కదా.

పాలెం దారి:

సూర్యాపేట అన్న చెప్పిందాంట్లో సగం నిజం. పంత్‌నగర్ నుంచి వచ్చిన పంత్ మూంగ్ 4 అలాంటిదే, టి 44 అనే పెసరకు యుపియు 2 అనే మినుమును కలిపి తీశారు. కాన్పూర్ పప్పుధాన్యాల పరిశోధన సంస్థ ఇచ్చిన మేహా, అంటే ఐపీఎం 99-125, దాని వెనకా పెసర మినుము కలయికే ఉంది. అంటే దేవరకొండ అన్న చేస్తున్నది పిచ్చి పని కాదు, అది దారి ఉన్న పనే. కానీ ఒక చిక్కుంది. పల్లాకు తెగులు తెచ్చే వైరస్ ఒకటి కాదు. ఉత్తరాదిన ఎక్కువగా ఉండేది ఒకటి, మన దక్షిణాదిన ఎక్కువగా ఉండేది దాని దగ్గరి చుట్టం ఇంకొకటి. అక్కడ తట్టుకున్న రకం ఇక్కడ పడిపోవచ్చు. అందుకే ఉత్తరాది రకం పేరు విని తెచ్చుకుంటే సరిపోదు, మన చెల్కల్లో నిలబడ్డదేదో చూసుకోవాలి. అన్నా, మీ మినుము రకం పేరేంటో ముందు రాసి పెట్టుకోండి, మినుముల్లోనూ ఈ తెగులుకు పడిపోయే రకాలు చాలా ఉన్నాయి, మీది నిలబడిందంటే ఆ గింజ దాచదగ్గది.

నేను మొక్కల ప్రజననంలో పీజీ చేస్తున్నాను. మీ ప్రశ్నకు నాకు తెలిసినంత చెప్తాను. రెండు జాతులు కలవవు అని ఒక్క మాటలో అనేస్తాం గానీ ఆ కలవకపోవడం ఒక్కచోట జరగదు. పుప్పొడి కీలాగ్రం మీద మొలకెత్తకపోవచ్చు, మొలకెత్తినా దాని నాళం కీలంలో సగందూరం పోయి ఆగిపోవచ్చు, అండం దాకా చేరి ఫలదీకరణ జరిగాక పిండం చచ్చిపోవచ్చు, గింజ వచ్చినా మొలక చచ్చిపోవచ్చు, మొక్క పెరిగినా గొడ్డుదై పోవచ్చు, ఆ మొక్కకు పిల్లలు పుట్టినా ఆ తరంలో కుంటిమొక్కలే రావచ్చు. ఒక్కో చోటికి ఒక్కో మందు. అందుకే ఎక్కడ ఆగిందో తెలియకుండా ఏం చేసినా చీకట్లో తడుముకోవడమే.

మీ లెక్క చూస్తే చాలా తెలుస్తుంది అన్నా. పెసర తల్లిగా కాయలు నిలిచాయి అంటే పుప్పొడి మొలిచింది, నాళం చేరింది, ఫలదీకరణ అయింది. గింజ ముడుచుకుంది అంటే అంకురచ్ఛదం చెడింది. గింజ తొలి రోజుల్లో పిండానికి పాలు పట్టేది అదే. అది సరిగా పెరగకపోతే లోపల పిండం ఆకలితో ఎండిపోతుంది. అది పూర్తిగా చావకముందే, పచ్చి కాయలో ఉండగానే, ల్యాబులో పిండాన్ని తీసి పోషక మాధ్యమం మీద పెంచుతారు, ఎంబ్రియో రెస్క్యూ అనేది అదే. శనగలో సైసర్ రెటిక్యులేటం అనే అడవి చుట్టం, ఆగ్నేయ టర్కీలో దొరికేది, మామూలుగా చేత్తోనే కలిసిపోతుంది. సైసర్ పిన్నాటిఫిడం లాంటి వాటితో మాత్రం పిండం మధ్యలోనే చచ్చిపోతుంది, ల్యాబు లేకుండా పని కాదు. దగ్గరి చుట్టం, దూరపు చుట్టం తేడా ఇది.

మినుము తల్లిగా పెడితే ఎందుకు రాలాయి అన్నదానికి, ఇది మీ ఒక్కరి అనుభవం కాదు, పెసర తల్లి అయితేనే ఈ కలయిక కుదురుతుందని, తిరగేస్తే చాలా అరుదుగా తప్ప కుదరదని పాత ప్రయోగాల్లోనే తేలింది. తల్లి నుంచి సగం క్రోమోజోములే కాదు, కణద్రవ్యం, అంటే కణంలో కేంద్రకం చుట్టూ ఉండే పదార్థం, దాదాపు మొత్తం వస్తుంది. అంకురచ్ఛదంలో తల్లిది రెండు పాళ్లు, తండ్రిది ఒక పాలు. కాబట్టి తల్లీ తండ్రీ తారుమారైతే లోపలి తూకమే మారిపోతుంది. అందుకే రెండువైపులా చేసి చూడాలి అంటారు, మీరు ఎవరూ చెప్పకుండానే చేశారు, మంచి పని.

ఇక 22 సంగతి. లెక్క ఒకటే గానీ వాటి మీద వరస ఒకటి కాదు. పెసరకూ మినుముకూ దారులు విడిపోయాక క్రోమోజోముల ముక్కలు అటు ఇటు మారాయి. కలిసిన మొక్క వేరూ ఆకూ పెంచుకోవడానికి ఇది అడ్డం కాదు. పుప్పొడి తయారయ్యేటప్పుడు మాత్రం పెసర క్రోమోజోమూ మినుము క్రోమోజోమూ పక్కపక్కన జతకట్టాలి, అక్కడ సరిగా అతకవు, దాంతో చాలా పుప్పొడి వట్టిపోతుంది. మీ మొక్క పూసి కాయకపోవడం అందుకే.

అయిపోలేదు అన్నా. పుప్పొడి వట్టిపోయినా అండాలన్నీ వట్టివి కాకపోవచ్చు. ఆ మొక్క పూల మీద మంచి పెసర పుప్పొడి పెట్టండి, రోజూ, దొరికిన ప్రతి పువ్వుకూ. ఒక్క కాయలో ఒక్క గింజ దొరికినా చాలు. దాన్ని మళ్లీ పెసరతో కలిపితే తరం తరానికి గొడ్డుతనం తగ్గుతూ వస్తుంది. ఆ మొక్క పుప్పొడిని కూడా కొన్ని పెసర మొగ్గలకు పెట్టి చూడండి. దగ్గర్లో డిగ్రీ కాలేజీ ఉంటే పుప్పొడిని అసిటోకార్మిన్ రంగులో వేసి మైక్రోస్కోపు కింద చూపించుకోండి. రంగు పట్టి నిండుగా ఉన్నవి మంచివి, పాలిపోయి ముడుచుకున్నవి వట్టివి.

వనపర్తి పల్లికాయ:

మా దగ్గర పల్లికాయే ఎక్కువ, తిక్క తెగులూ (ఆకుమచ్చ) తుప్పూ వస్తే ఆకు మొత్తం రాలిపోతుంది. పల్లికాయలో కూడా ఇలా అడవి రకాలతో కలిపారా?

పాలెం దారి:

కలిపారు బాబాయ్, అది ఇంకా కష్టమైన కథ. మన పల్లికాయకు క్రోమోజోములు 40. దక్షిణ అమెరికాలో ఉన్న దాని అడవి చుట్టాల్లో ఎక్కువవాటికి 20. అసలు పల్లికాయే రెండు అడవి జాతులు కలిసి పుట్టింది, ఒకటి అరాకిస్ డ్యూరనెన్సిస్, ఇంకొకటి అరాకిస్ ఇపాయెన్సిస్. ఆ రెండూ కలిశాక క్రోమోజోములు రెట్టింపయ్యాయి, అప్పటి నుంచి 20 ఉన్న చుట్టాలతో పొత్తు తెగిపోయింది. ఇప్పుడు రెంటినీ కలిపితే పల్లికాయ నుంచి 20, అడవి దాని నుంచి 10, మొత్తం 30 వస్తాయి. పదింటికి జత దొరికితే ఇంకో పది ఒంటరిగా మిగులుతాయి, మొక్క గొడ్డుది అవుతుంది. దాన్ని కాల్చిసిన్ అనే రసాయనంతో రెట్టింపు చేసి 60కి తెచ్చి, మళ్లీ మళ్లీ పల్లికాయతో కలుపుతూ 40కి దింపుకొచ్చారు. అరాకిస్ కార్డెనాసి అనే అడవి జాతి నుంచి తుప్పునూ ఆకుమచ్చనూ తట్టుకునే గుణం అలాగే వచ్చింది, ధార్వాడ్ వాళ్ల జీపీబీడీ 4 అనే పల్లికాయ రకంలో ఉన్నది అదే.

కాల్చిసిన్ మాట వచ్చింది కాబట్టి చెప్తున్నాను, ఎవరూ ఇంట్లో ప్రయత్నించొద్దు. అది అడవినాభి దుంపలో ఉండే విషమే, కొంచెం లోపలికి పోయినా ప్రాణం మీదికి వస్తుంది.

నారాయణపేట తొగరి:

పాలెం దారి మేడమ్, మా తొగర్ల, అంటే కంది సంగతి కూడా రాయండి అనబోయి, నాకు తెలిసింది నేనే రాస్తున్నాను. కంది హైబ్రిడ్ కోసం పటాన్‌చెరులోని ఇక్రిశాట్ అనే అంతర్జాతీయ పంటల పరిశోధన సంస్థలో చాలా ఏళ్లు పని జరిగింది. హైబ్రిడ్ విత్తనం తీయాలంటే పుప్పొడి లేని తల్లి కంది కావాలి. చేత్తో ఎన్ని మొగ్గలని తీస్తారు, ఎకరాలకు ఎకరాలు. అప్పుడు పనికొచ్చింది మనం ఇక్కడ అడ్డం అనుకుంటున్న ఈ గొడ్డుతనమే. ఒడిశా, బస్తర్ వైపు అడవుల్లో కందికి బాగా దగ్గరి చుట్టం ఒకటి ఉంది, కజానస్ కజానిఫోలియస్. చూడ్డానికి కందే, గింజ మీద తెల్లటి కండలాంటిది ఉంటుంది, అదే తేడా. దాన్ని తల్లిగా పెట్టి కందిని తండ్రిగా పదే పదే కలిపితే, కణద్రవ్యం అడవిది, లోపలి క్రోమోజోములు కందివి అయిన మొక్క వచ్చింది. ఆ రెంటికీ పొసగక పుప్పొడి మాత్రం పుట్టదు, అండాలు బాగానే ఉంటాయి. తేనెటీగలు పక్క సాలు నుంచి పుప్పొడి తెస్తాయి, హైబ్రిడ్ గింజ తయారు. రైతు చేలో మాత్రం కాయ పట్టాలి కదా, అందుకు తండ్రి రకంలో పుప్పొడిని తిరిగి తెచ్చే జన్యువులు ఉండేలా చూస్తారు. మధ్యప్రదేశ్‌లో 2010లో విడుదలైన ఐసీపీహెచ్ 2671, మన తెలంగాణకు వచ్చిన ఐసీపీహెచ్ 2740, రెండూ ఆ పద్ధతివే. రెండోదాని పేరు మన్నెంకొండ కంది. పాలమూరోళ్లకు ఆ పేరు వింటే మన్యంకొండ కళ్లముందు కనపడుతుంది, నాకైతే మొదటిసారి సంచి మీద చదివినప్పుడు ఒళ్లు పులకరించింది.

అదే కందికి కజానస్ ప్లాటికార్పస్ అనే ఇంకో చుట్టం ఉంది, దూరపుది. దానితో పిండం కాయలోనే చచ్చిపోతుంది. ఇక్రిశాట్‌లోనే పిండాన్ని తీసి పెంచి, వచ్చిన గొడ్డు మొక్కను కాల్చిసిన్‌తో రెట్టింపు చేసి, అప్పుడు మళ్లీ కందితో కలిపారు. కాయ తొలిచే పచ్చపురుగును తట్టుకునే గుణం కోసం ఇదంతా, ఆ పురుగుకు మనం కొట్టే మందుల ఖర్చు తలుచుకుంటే అంత కష్టమూ దండగ అనిపించదు.

సూర్యాపేట మార్కెట్:

ఒప్పుకుంటున్నా. నాకు ఇంత తెలియదు. కానీ ఒకటి అడుగుతాను, అడవి రకంతో కలిపితే మంచి గుణం ఒక్కటే వస్తుందా? చిన్న గింజ, కాయ ఎండగానే పగిలి రాలిపోవడం, అవి కూడా వస్తాయి కదా. పెసర నల్లగా పుచ్చు గింజలా ఉంటే మార్కెట్‌లో నా ఎదుటే ధర కోస్తారు, అది మీకు ఎలాగూ తెలుసు.

పాలెం దారి:

వస్తాయి అన్నా, అసలు పని మొదలయ్యేది అక్కడే. మంచి జన్యువు పక్కనే అంటుకుని చెడ్డది వస్తుంది, వాటిని విడదీయడానికే ఇన్ని తరాలు వెనక్కి కలపడం. మినుము అడవిది కాదు కాబట్టి దేవరకొండ అన్నకు ఆ బాధ కొంత తక్కువ, అయినా గింజ రంగు, కాయ మీద నూగు, కాయలన్నీ ఒకేసారి పండటం, ఇవన్నీ చూసి ఏరుకోవాలి.

ఎంత చేసినా కుదరనివీ ఉన్నాయి, అదీ చెప్పాలి. బొబ్బర్లకు విగ్నా వెక్సిల్లాటా అనే చుట్టం ఉంది, పురుగులను బాగా తట్టుకుంటుంది. దశాబ్దాలు ప్రయత్నించారు, పిండం మరీ తొలి రోజుల్లోనే చచ్చిపోతుంది, బయటికి తీసి పెంచడానికి కూడా అందదు. చివరికి నైజీరియాలో కాయ తొలిచే మారుకా పురుగు కోసం బీటీ జన్యువు పెట్టిన బొబ్బర్లకు 2019లో అనుమతి ఇచ్చారు. దాని మీద ఎవరి అభిప్రాయం వాళ్లది, కానీ ఆ దారి ఎందుకు పట్టారో అర్థం కావాలంటే ఈ అడ్డం తెలియాలి.

దేవరకొండ చెల్క:

అందరికీ చాలా థాంక్స్. పన్నెండు రోజుల తర్వాత రాస్తున్నాను, పని చేసి రాద్దామని ఆగాను.

షాద్‌నగర్ అక్క చెప్పినట్టు పోల్చి చూశాను, పువ్వు ముదురు పసుపే, కాండం మీద నూగు పెసర కంటే ఎక్కువ. నేను చదివిన కాలేజీలో సార్ మైక్రోస్కోపు ఇచ్చారు. పుప్పొడిలో చాలావరకు వట్టివే, ఒక్కో చూపులో రెండో మూడో రంగు పట్టి నిండుగా కనిపించాయి. అవి చూసినప్పుడు నాకు నోట మాట రాలేదు.

రోజూ పొద్దున ఆ మొక్క పూలకు పెసర పుప్పొడి పెడుతున్నాను. ఇప్పటికి 63 పూలు. మొదటివన్నీ రాలిపోయాయి, వాన పడి రెండు రోజులు పోయాయి. నాలుగు రోజుల క్రితం పెట్టినవాటిలో ఒకటి రాలకుండా ఉంది, చిటికెన వేలి గోరంత కాయ, ఒక వైపు మాత్రమే ఉబ్బింది. దానికి ఎర్ర దారం కట్టాను. అక్క చెప్పిన పెసర మీద పెసర పరీక్షా చేశాను, 20 మొగ్గల్లో 6 నిలిచాయి, అంటే చెయ్యి మరీ తప్పు పోవడం లేదనుకుంటున్నాను. మినుము గింజ కిలోన్నర విడిగా సీసాలో బూడిద కలిపి దాచాను, రకం పేరు తెలియదు, అమ్మమ్మ వాళ్ల ఊరి నుంచి వచ్చిందట.

ఆ ఒక్క కాయను ఎప్పుడు కోయాలి? పూర్తిగా ఎండే దాకా ఆగాలా, పచ్చిగా ఉన్నప్పుడే ల్యాబుకు తీసుకెళ్లాలా?

షాద్‌నగర్ అక్క:

నాలుగు రోజులు నిలిచిందంటే సంతోషం తమ్మీ. కొయ్యకు. ఒక్క కాయే కాబట్టి పిండం తీయించాలంటే ల్యాబు చేరేలోపు వాడిపోతుంది, ఇది వెనక్కి కలిపింది కాబట్టి గింజ దానంతట అదే నిండే అవకాశం మొదటిదానికంటే ఎక్కువ. పాత దోమతెర ముక్కను వదులుగా కట్టు, పురుగు తొలచకుండా ఉంటుంది. కాయ నల్లబడటం మొదలవగానే తీసెయ్, ఎండే దాకా చూస్తే పగిలి గింజ ఎక్కడో పడుతుంది. ఆ మినుమును కంపాసాగర్ కేవీకే (కృషి విజ్ఞాన కేంద్రం) వాళ్లకో గడ్డిపల్లి వాళ్లకో గుప్పెడు చూపించు, రకం వాళ్లు గుర్తుపట్టొచ్చు. మిగతా పూలకు పెట్టడం ఆపకు.

దేవరకొండ చెల్క:

సరే అక్కా. దోమతెర ఇవాళే కడతాను. రేపటి నుంచి అమ్మ కూడా పొద్దున్నే వస్తానంది, పూలు ఆమె వెతుకుతుంది, పుప్పొడి నేను పెడతాను.